శివారు ఊళ్ళలో ఇంటి నీటి ఖర్చు: కుళాయి, టిన్ను, ట్యాంకరు, లోతు బోరు

దివిసీమ_శివారు

సభ్యులందరికీ నమస్కారం. మాది దివిసీమలో నాగాయలంకకు దిగువన, సముద్రానికి దగ్గరగా ఉన్న ఊరు. పులిగడ్డ అక్విడక్టు మీదుగా వచ్చే కాలువ నీరే మాకు సాగుకూ తాగుకూ ఆధారం. వేసవిలో కాలువలు కట్టేశాక పంచాయతీ మంచినీటి చెరువులో నిలవ ఉన్న నీటినే కుళాయిలకు వదులుతారు. మే నెల వచ్చేసరికి ఆ నీరు పచ్చబడి, రోజు విడిచి రోజు అరగంట మాత్రమే వస్తుంది.

మా ఇంట్లో ఐదుగురం. కుళాయికి నెలకు 100 రూపాయలు కడుతున్నాము. తాగడానికీ వంటకూ రోజుకొక 20 లీటర్ల టిన్ను, ఇంటికి తెచ్చి వేస్తే 15 రూపాయలు. ఏప్రిల్ నుంచి జూన్ వరకు నెలకు రెండుసార్లయినా 5,000 లీటర్ల ట్యాంకరు తెప్పించుకోవలసి వస్తుంది, దానికి 800 రూపాయలు. ఇంటి బోరు నీటిలో లవణాల కొలత లీటరుకు 3,400 మిల్లీగ్రాములు చూపిస్తోంది కనుక అది మరుగుదొడ్డికీ గచ్చు కడగడానికీ తప్ప పనికిరాదు. ఆ నీటితో కడిగిన స్టీలు బిందె ఆరేసరికి లోపల తెల్లటి పొర కడుతోంది.

ఇప్పుడు బోర్లు వేసే ఆయన వచ్చి, 200 అడుగులు దాటితే తియ్యటి నీరు పడుతుందని, మొత్తం ఖర్చు లక్షకు తక్కువ కాదని చెబుతున్నారు. నాన్నగారు సరేనంటున్నారు. నాకు మాత్రం అనుమానంగా ఉంది. బోరు వేయించుకోవడమా, ఇంట్లో ఆర్వో యంత్రం పెట్టుకోవడమా, లేక టిన్నులతోనే నెట్టుకురావడమా అన్నది అనుభవజ్ఞులు చెప్పగలరని ఇక్కడ అడుగుతున్నాను.

లెక్కల_పుస్తకం

మాది మొగల్తూరు వైపు. ఇంటి ఖర్చు రాసుకునే అలవాటు ఉన్నదాన్ని కనుక మీ అంకెలు చూడగానే లెక్క వేశాను. టిన్నులకు సంవత్సరానికి 5,475 రూపాయలు, ట్యాంకర్లకు 4,800, కుళాయికి 1,200, వెరసి 11,475 రూపాయలు అవుతున్నాయి. మొత్తం కంటే వెయ్యి లీటర్లకు ఎంత పడుతోందన్నది చూడండి. ప్రభుత్వ లెక్క ప్రకారం మనిషికి రోజుకు 55 లీటర్ల చొప్పున కుళాయి నీరు సక్రమంగా వస్తే, నెలకు 8,250 లీటర్లకు మీరు కడుతున్నది 100 రూపాయలు, అంటే వెయ్యి లీటర్లకు సుమారు 12 రూపాయలు. ట్యాంకరు నీరు వెయ్యి లీటర్లకు 160 రూపాయలు. టిన్ను నీరు 750 రూపాయలు!

లెక్కలోకి రానివి ఇంకా ఉన్నాయి. మా ఇంట్లో బోరు నీటితో కందిపప్పు పెడితే కుక్కరు ఎన్ని కూతలు కూసినా గింజ గింజగానే ఉండేది. కఠిన జలంలోని కాల్షియం పప్పును మెత్తబడనివ్వదు. పప్పుకు టిన్ను నీళ్ళు వాడడం మొదలుపెట్టాక గ్యాసు బండ మునుపటికంటే ఎక్కువ రోజులు వస్తోంది కానీ టిన్నుల ఖర్చు పెరిగింది. సబ్బు నురగ రాదు, గీజరు కాయిలు మీద గడ్డ కట్టి కాలిపోతుంది, ఇత్తడి కుళాయిలు సైతం పచ్చగా చిలుము పట్టి కారడం మొదలుపెడతాయి. వీటన్నిటినీ ఇంటి మరమ్మతుల కింద రాసుకుంటాము గానీ నిజానికి ఇవన్నీ నీటి ఖర్చే.

విశ్రాంత_ఇంజనీరు

దివిసీమ శివారు గారికి, నేను గ్రామీణ నీటి సరఫరా పనులలో చాలాకాలం ఉన్నవాడిని. మీ అనుమానమే సరైనది, దయచేసి ఆ లక్ష రూపాయలు భూమిలో పోయవద్దు.

తీరప్రాంతంలో మంచినీరు ఉప్పునీటికంటే తేలిక కాబట్టి దాని మీద తేలుతూ ఉంటుంది. సముద్ర మట్టానికి ఒక మీటరు ఎత్తున మంచినీరు నిలిచి ఉంటే, ఆ మట్టానికి దిగువన సుమారు 40 మీటర్ల మందం వరకు మంచినీరు ఉండగలదని గైబెన్, హెర్జ్‌బెర్గ్ అనే ఇద్దరు వేర్వేరుగా తేల్చిన సూత్రం ఒకటి ఉంది. వినడానికి ఇది భరోసాగా ఉంటుంది కానీ దీనిని తిరగేసి చూడాలి. మోటారు పెట్టి నీటి మట్టాన్ని ఒక అడుగు కిందికి లాగితే, నిలకడ మీద ఉప్పునీటి సరిహద్దు 40 అడుగులు పైకి వస్తుంది. సముద్ర మట్టానికి ఒకటి రెండు మీటర్ల ఎత్తున మాత్రమే ఉన్న మీ ఊరి వంటి చోట లాగడానికి మిగులు అంటూ ఉండదు. పైగా కృష్ణా డెల్టా దిగువ భాగంలో లోతున ఉన్న బంకమట్టి పొరల మధ్య, ఆ మట్టి సముద్రంలో పేరుకున్నప్పుడే చిక్కుబడిన పాత ఉప్పునీరు ఉంది. అందుచేత లోతుకు పోయేకొద్దీ తియ్యన అవుతుందన్న మాట మెట్ట ప్రాంతంలో చెల్లవచ్చు గానీ శివారులో చెల్లదు.

మీ తాతల కాలంలో తీరం వెంట ఇసుక మెరకల మీద చెలమలు తవ్వి, చిప్పతో తోడుకునేవారు. అక్కడ వాన నీరు ఇసుకలోకి ఇంకి, ఉప్పునీటి మీద పలచటి పొరగా నిలుస్తుంది. చెలమ లోతు పెంచకుండా, తోడిన నీరు ఊరేదాకా ఆగి తోడుకోవడం ఆ పొరను కాపాడింది. అదే మెరకలో అర హార్స్‌పవర్ మోటారు పెట్టినవారికి రెండు మూడు వేసవులు గడిచేసరికి ఉప్పు వచ్చింది.

ఇంట్లో ఆర్వో సంగతి. ఇళ్ళకు అమ్మే యంత్రాలు చాలావరకు 2,000 మిల్లీగ్రాముల లవణాల వరకే తట్టుకునేలా చేసినవి. మీ 3,400 నీటిని వాటిలో పోస్తే లోపల ఉప్పును వడకట్టే పొర త్వరగా మూసుకుపోతుంది. పని చేసినంత కాలమైనా నాలుగు బిందెలు పోస్తే ఒక బిందె మంచినీరు వచ్చి మూడు బిందెలు బయటికి పోతుంది, ఆ పోయే నీటిలో లవణాలు 4,500 దాకా ఉంటాయి. దానిని పెరట్లో వదిలితే కొబ్బరి మొక్క కూడా బతకదు. కుళాయి నీటికైతే ఆర్వో అవసరమే తక్కువ. భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉంటే మంచిది, వేరే ఆధారం లేనప్పుడు 2,000 వరకు సరిపెట్టుకోవచ్చు. కాలువ నీరు సాధారణంగా ఉప్పు విషయంలో ఈ పరీక్ష నెగ్గుతుంది. దాని జబ్బు ఉప్పు కాదు, బురదా సూక్ష్మజీవులూను.

దివిసీమ_శివారు

ఇంత వివరంగా చెప్పినందుకు ధన్యవాదాలు. మీ సమాధానం నాన్నగారికి చదివి వినిపించాను. చెలమల మాట రాగానే ఆయన మెత్తబడ్డారు, ఎందుకంటే మా నాయనమ్మ అలాగే నీళ్ళు తెచ్చేదట. ప్రస్తుతానికి బోరు ఆలోచన పక్కన పెట్టాము. అయితే ఒక సందేహం. మా ఊరి పాత చేతిపంపు నీరు ఒకప్పుడు వంటకు వాడేవారు, ఇప్పుడు నోట పెట్టుకోలేము. చుట్టూ రొయ్యల చెరువులు వచ్చాకనే ఇలా అయిందని ఊరంతా అంటోంది. ఇది ఎంతవరకు నిజం?

చెరువు_రైతు

ఈ మాట వచ్చినప్పుడల్లా నాకు మనసు కష్టంగా ఉంటుంది, అయినా మర్యాదగానే జవాబు చెబుతాను. నేను వనామీ రొయ్య పెంచుతాను. మా చెరువులో ఉప్పునీరు ఉంటుందన్నది నిజమే. గట్టు పక్కన మురుగు బోదె లేకుండా తవ్విన చెరువుల నుంచి పక్క చేలోకి ఉప్పు ఊరుతుందన్నదీ నిజమే, అలా చేసినవారిని నేను సమర్థించను. కానీ మా ప్రాంతంలో సముద్రపు పోటు మురుగు కాలువల గుండా మైళ్ళ కొద్దీ పైకి ఎక్కుతోంది. ఆ కాలువల చివర పోటును ఆపే అవుట్‌ఫాల్ స్లూయిస్ తలుపులు తుప్పు పట్టి, కొన్ని చోట్ల అసలు లేకుండా పోయి ఎంత కాలమైందో ఊళ్ళో ఎవరినైనా అడగండి. ఎగువ నుంచి వరద తగ్గిన సంవత్సరాలలో నదీముఖం దగ్గర ఉప్పును వెనక్కి నెట్టే మంచినీరే ఉండదు. రొయ్యల చెరువు ఒక్కటీ లేని ఊళ్ళలో కూడా చేతిపంపులు ఉప్పుబారాయి. మా ఇంట్లోనూ తాగేది టిన్ను నీరే.

వరి_చేను

చెరువు రైతు గారు స్లూయిస్ తలుపుల గురించి చెప్పింది అక్షరాలా ఒప్పుకుంటాను. అయితే పోటు నీరు మురుగు కాలువలో ఉండి పోటు తగ్గగానే వెనక్కి పోతుంది. మీరు దానిని ఇంజనుతో తోడి, నేల కంటే ఎత్తున గట్లు కట్టి, నెలల తరబడి నిలవ పెడుతున్నారు. నీరు పల్లమెరుగు అన్నారు కదా, ఎత్తున నిలిచిన ఉప్పు పక్క చేలోకీ చేతిపంపులోకీ దిగకుండా ఎలా ఉంటుంది? 2005లో తీరప్రాంత ఆక్వా కల్చర్ అథారిటీ చట్టం వచ్చింది, రిజిస్ట్రేషన్ తప్పనిసరి అయింది. మంచినీటి చెరువు పక్కనే రొయ్యల చెరువు తవ్వుతుంటే అడిగే నాథుడు కనబడకపోవడమే నా బాధ. కొల్లేరు వైపు బంధువులు చెప్పేదీ ఇదే, అక్కడ ఉప్పుటేరు గుండా ఎక్కే ఉప్పుకు అడ్డుకట్ట కావాలని ఎన్నో ఏళ్ళుగా అడుగుతున్నారు.

విశ్రాంత_ఇంజనీరు

ఇద్దరు చెప్పినవీ కారణాలే, ఏ ఊళ్ళో ఏది ఎంత అన్నది అక్కడి మట్టిని బట్టి ఉంటుంది. ఇసుక నేలలో చెరువు ఊట దూరం పోతుంది, గట్టి బంకమట్టిలో గట్టు దాటి ఎక్కువ దూరం పోదు. చేతిపంపు నీటిని వానాకాలంలో ఒకసారి, మే నెలలో ఒకసారి పరీక్ష చేయించి చూడండి. ఏడాది పొడవునా ఒకే ఉప్పు ఉంటే లోపలి పాత ఉప్పు, రొయ్య పంట నడిచే నెలల్లోనే పెరుగుతుంటే ఊట అని అనుమానించవచ్చు. ఈ చర్చ ఇంటి నీటి గురించి కనుక ఇంతటితో విడిచి, టిన్నుల వైపు రావడం మంచిదని నా సూచన.

టిన్నుల_ప్లాంటు

టిన్నుల మాట వచ్చింది కాబట్టి నా పక్షం కూడా వినండి. మా మండలంలో చిన్న ఆర్వో ప్లాంటు నడుపుతున్నాను. ప్లాంటు దగ్గరికి వచ్చి పట్టుకుంటే 7 రూపాయలు, ఆటోలో ఇంటికి వేస్తే 15. అంటే మీరు కడుతున్న దానిలో సగానికి పైగా నీటి ధర కాదు, మోత ధర. మిగిలిన దానిలో కరెంటు బిల్లు, పొరలు మార్చడం, పగిలిన టిన్నులు పోతాయి. 2014 అక్టోబరులో ఎన్టీఆర్ సుజల పథకం కింద 20 లీటర్లు 2 రూపాయలకే ఇస్తామన్నప్పుడు మా వ్యాపారం పోతుందనుకున్నాము. ప్లాంటు పెట్టడం ఒక ఎత్తు, రోజూ నడపడం మరొక ఎత్తు. పొర పాడైతే మార్చేందుకు ఆ రెండు రూపాయల్లో ఏమి మిగులుతుంది?

అయితే కొనేవారు ఒక్క విషయం గమనించాలి. సీలు వేసి అమ్మే నీటికి ఐఎస్ 14543 అనే ప్రమాణం ఉంది. మా వంటివారు మూత పెట్టి ఇచ్చే టిన్నుకు ఆ ముద్ర ఉండదు. ఆర్వో నీటిలో క్లోరిన్ మిగలదు కనుక టిన్ను లోపల పాచి ఉంటే సూక్ష్మజీవులు మళ్ళీ పెరుగుతాయి. వారానికొకసారి టిన్నును ఎండలో పెట్టి, వేడినీళ్ళతో కడగమని నేనే చెబుతుంటాను. వినేవారు తక్కువ.

చెన్నపట్నం_తెలుగు

మాది నెల్లూరు, ఉద్యోగరీత్యా చెన్నైలో ఉంటున్నాను. ఆంధ్రప్రదేశ్, తమిళనాడుల మధ్య 1983లో కుదిరిన తెలుగుగంగ ఒప్పందం ప్రకారం కృష్ణా నీరు కండలేరు నుంచి పూండి జలాశయానికి రావాలి, 1996 నుంచి వస్తోంది కూడా. సరిహద్దు దగ్గర సంవత్సరానికి 12 టీఎంసీలు అన్న మాట కాగితం మీద ఉన్నంత నిండుగా కాలువలో చాలా సంవత్సరాలు కనబడలేదు. 2019 వేసవిలో ఇక్కడి జలాశయాలు అడుగంటితే జోలార్‌పేట నుంచి రైలులో నీళ్ళు తెచ్చారు. ఆ రోజుల్లో మా అపార్ట్‌మెంటులో ట్యాంకరు కోసం డబ్బు ముందే కట్టి రోజుల తరబడి ఎదురుచూశాము.

దానికి ముందే మింజూరులో 2010లో, నెమ్మేలిలో 2013లో సముద్రపు నీటి ఉప్పు తీసే కర్మాగారాలు మొదలయ్యాయి. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35,000 మిల్లీగ్రాముల ఉప్పు ఉంటుంది. దానిని మంచినీరు చేయడానికి వెయ్యి లీటర్లకు 3 నుంచి 4 యూనిట్ల కరెంటు ఖర్చవుతుంది. యూనిట్ 7 రూపాయలనుకున్నా కరెంటుకు 28 రూపాయలు మించదు. కర్మాగారం పెట్టుబడి, నడిపే ఖర్చు అంతకు మరికొంత కలిపినా, లెక్కల పుస్తకం గారు చూపిన 750 రూపాయల దరిదాపులకు కూడా రాదు. మన తీరంలోనూ ఇటువంటివి ఎందుకు పెట్టకూడదన్నది నా ప్రశ్న.

లెక్కల_పుస్తకం

మీ లెక్క తప్పు పట్టను. కానీ ఆ నీరు కర్మాగారం గుమ్మం దగ్గర ధర. దానిని మా ఊరి చివరి ఇంటి దాకా చేర్చే గొట్టాలు ఉంటే కాలువ నీరే వచ్చి ఉండేది కదా. నగరంలో లక్షల ఇళ్ళు ఒకచోట ఉంటాయి, మాకు మెరకకు పది ఇళ్ళు.

ఇంకొక మాట చెప్పాలనిపిస్తోంది. మా వీధిలో రెండు అంతస్తుల ఇల్లున్నవారికి పెద్ద సంపు ఉంది. కుళాయి వచ్చిన అరగంటలో మోటారుతో నిండా లాగుకుంటారు. వారికి వెయ్యి లీటర్లు 12 రూపాయల నీరే దొరుకుతుంది. చివరి పాకలో ఉండే కూలి మనిషికి కుళాయిలో గాలి తప్ప రాదు, ఆమె సాయంత్రం పని నుంచి వస్తూ టిన్ను కొనుక్కుంటుంది. 750 రూపాయల ధర కడుతున్నది ఎవరో అప్పుడు అర్థమైంది. అరగంట నీటినైనా చివరి కుళాయికి ముందు అందేలా వాల్వులు తిప్పితే ఏ కర్మాగారమూ లేకుండానే కొందరి టిన్నుల ఖర్చు సగమవుతుంది. మా పంచాయతీలో ఈ విషయం రెండుసార్లు లేచింది, రెండుసార్లూ టీ తాగి లేచిపోయారు.

ఉద్దానం_వాసి

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం నుంచి రాస్తున్నాను. మా దగ్గర సమస్య రుచిది కాదు. బోరు నీరు తియ్యగానే ఉంటుంది. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు వంటి మండలాలలో మూత్రపిండాల జబ్బు ఏళ్ళుగా పీడిస్తోంది. నీరే కారణమని ఇప్పటికీ శాస్త్రం గట్టిగా తేల్చలేదు, అయినా భయంతో అందరూ టిన్నులు కొన్నారు. డయాలసిస్‌కు పోయే ఇంట్లో టిన్ను డబ్బులు కూడా భారమే. 2023 డిసెంబరులో హిరమండలం జలాశయం నుంచి గొట్టాల ద్వారా వంశధార నీటిని ఇచ్చే పథకాన్ని సుమారు 700 కోట్ల రూపాయలతో ప్రారంభించారు. భూగర్భ జలాన్ని నమ్మలేని చోట దూరం నుంచైనా నది నీటిని తేవడం తప్ప దారి లేదని మా అనుభవం.

విశ్రాంత_ఇంజనీరు

కృష్ణా డెల్టాలో నది నీరు ఊరి చెరువు దాకా ఇప్పటికే వస్తోంది. పులిచింతలలో 45.77 టీఎంసీలు నిలవ చేసుకునే వీలుంది, 2015 నుంచి పట్టిసీమ ఎత్తిపోతల ద్వారా గోదావరి నీరూ ప్రకాశం బ్యారేజీకి చేరుతోంది. లోటు ఉన్నది చివరి మెట్టులో, అంటే ఊరి మంచినీటి చెరువులో. దానిని గురించి ఎవరూ మాట్లాడడం లేదు కనుక కాస్త విపులంగా రాస్తాను.

రెండు వేల జనాభా ఉన్న ఊరికి, నాలుగు ఎకరాల చెరువు ఉందనుకుందాము. మనిషికి 55 లీటర్ల చొప్పున కాలువ కట్టేసిన 60 రోజులకు కావలసింది 66 లక్షల లీటర్లు. మన వేసవి ఎండకూ గాలికీ రోజుకు ఆరేడు మిల్లీమీటర్ల నీరు ఆవిరవుతుంది. 60 రోజులకు 40 సెంటీమీటర్లు అనుకుంటే, నాలుగు ఎకరాల మీద అది దాదాపు 65 లక్షల లీటర్లు. ఊరు తాగినంత నీటిని ఎండ కూడా తాగుతుందన్నమాట. అందుచేత చెరువు విస్తీర్ణం పెంచమని అడగడం కంటే పూడిక తీసి లోతు నిలబెట్టమని అడగడం మేలు. అయితే శివారులో లోతుకు ఒక హద్దు ఉంది. పొక్లెయిను వచ్చింది కదా అని అడుగున ఉన్న బంకమట్టి పొరను కోసేస్తే, చెరువులో మట్టం తగ్గిన మే నెలలో చుట్టూ ఉన్న ఉప్పు ఊట లోపలికి వస్తుంది. నా సర్వీసులో అటువంటి చెరువును ఒకదాన్ని చూశాను. జనవరిలో నింపిన నీరు ఏప్రిల్ నాటికి ఉప్పదనం పట్టింది, అడుగున మళ్ళీ బంకమట్టి పరిచి దిమ్మిస కొట్టేదాకా అది బాగుపడలేదు.

జూలైలో కాలువ వదలగానే వచ్చే ఎర్రనీటితో చెరువు నింపకూడదు. ఎగువ ఊళ్ళ చెత్తా మురుగూ అంతా ఆ మొదటి నీటితోనే వస్తుంది. నీరు తేరాక తూము తీయమని కాలువ చూసుకునే లస్కరుకు చెప్పుకోవడం మీ చేతిలో ఉన్న పని. పాతకాలపు ఇళ్ళలో బిందె లోపలి అంచుకు ఇండుప గింజ అరగదీసి రాత్రంతా తేరనిచ్చేవారు. అది బురదను దించుతుంది, సూక్ష్మజీవులన్నిటినీ చంపదు, కాబట్టి ఆ తరువాత కాచడమో క్లోరిన్ వేయడమో తప్పదు. కుళాయి చివర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలన్నది ప్రమాణం. దాన్ని చూసే చిన్న పరీక్ష పెట్టె పంచాయతీలో ఉండాలి, అడిగి చూడండి.

ఇక దివిసీమ శివారు గారి ఇంటికి నా సలహా. మీది డాబా ఇల్లయితే వాన నీరు పట్టుకోండి. మీ వైపు వర్షపాతం సంవత్సరానికి వెయ్యి మిల్లీమీటర్లకు అటూఇటూ ఉంటుంది. వెయ్యి చదరపు అడుగుల డాబా మీద, వృథా పోగా 70 వేల లీటర్లకు పైగా దిగుతుంది. మీకు తాగడానికీ వంటకూ రోజుకు 20 లీటర్లు చాలు కదా. డిసెంబరు నుంచి జూన్ దాకా వాన లేదనుకున్నా 4,240 లీటర్లు నిలవ ఉంటే గడుస్తుంది.

దివిసీమ_శివారు

మాది స్లాబు ఇల్లే. 5,000 లీటర్ల నల్ల ప్లాస్టిక్ ట్యాంకు, గొట్టాలు, దిమ్మె కలిపి మేస్త్రీని అడిగితే 45 వేలు అవుతుందన్నారు. టిన్నుల ఖర్చు పూర్తిగా మానితే ఎనిమిదేళ్ళకు పైగా పడుతుంది పెట్టుబడి తిరిగి రావడానికి, అయినా లక్ష రూపాయల ఉప్పు బోరు కంటే నయం. రెండు సందేహాలున్నాయి. ఆరు నెలలు నిలవ ఉన్న వాన నీరు పాడవదా? తుఫాను గాలికి సముద్రపు తుంపర డాబా మీద పడుతుంది, ఆ ఉప్పు సంగతేమిటి?

విశ్రాంత_ఇంజనీరు

నిలవ నీటిని పాడుచేసేవి వెలుతురూ, దోమా, ఆకూ అలమూ. నల్ల ట్యాంకు మూత బిగువుగా ఉండి, గాలి గొట్టానికి సన్నటి వల కడితే నాచు పట్టదు, దోమ చేరదు. తాగే ముందు కాచుకోండి. నీటిని ముంచకుండా కిందినున్న కుళాయి నుంచే పట్టుకోవాలి, ఆ కుళాయి ట్యాంకు అడుగుకు నాలుగు అంగుళాల పైన ఉండాలి. అడుగు మట్టి కదలకుండా ఉండడానికి అది అవసరం.

ఉప్పు తుంపర నిజమైన సమస్యే. దిగే గొట్టానికి ట్యాంకులోకి పోయే ముందే ఒక టీ జాయింటు పెట్టి, కిందికి పోయే కొసకు మరబిరడా వేయండి. వాన మొదలైన పావుగంట సేపు ఆ బిరడా తీసి ఉంచితే డాబా కడిగిన నీరంతా బయటికి పోతుంది. తుఫాను గాలి ఉన్నప్పుడు ట్యాంకు దారి పూర్తిగా మూసేసి, గాలి తగ్గాక పడే వానను పట్టుకోండి. జూన్, జూలై వానలు డాబాను కడగడానికీ వాడుకకూ వదిలేసి, తాగే నీటిని సెప్టెంబరు, అక్టోబరు వానల నుంచి నింపుకుంటే నిలవ కాలమూ తగ్గుతుంది. డాబా మీద వడియాలు ఎండబెట్టుకోవడానికి అభ్యంతరం లేదు గానీ పావురాలకు గింజలు మాత్రం వేయవద్దు.

లెక్కల_పుస్తకం

ఇంజనీరు గారూ, మా ఇంటికి సగం పెంకు, సగం స్లాబు. పెంకు మీది నీరు కూడా కలపవచ్చునా?

విశ్రాంత_ఇంజనీరు

కాల్చిన మట్టి పెంకు మీది నీరు వాడుకకు నిరభ్యంతరంగా పట్టుకోవచ్చు. తాగడానికి మాత్రం స్లాబు మీది నీటినే వేరే గొట్టంతో, వేరే ట్యాంకుకు మళ్ళించండి. పాత ఆస్‌బెస్టాస్ రేకులు ఏ భాగానికైనా ఉంటే ఆ నీరు రెండింటిలోనూ కలవకుండా చూసుకోండి.